డానీబ్రూక్ అంటే

డానీబ్రూక్, డబ్లిన్ పక్కన
మార్చి 4, 1855

తమ్ముడు గారెట్‌కి, అక్క హోనర్ రాస్తున్నది.

వారం నుంచి తూర్పుగాలి వదలడం లేదు. డాడర్ ఏటి అంచున నీళ్లు గడ్డకట్టాయి. ఆవులు మూతి పెట్టాలంటే పొద్దున్నే రాయితో పగలగొట్టాల్సి వస్తోంది. ఎర్రావు మొన్న ఈనింది. పెయ్యదూడ, తల్లి పోలికే. జున్నుపాలు పక్కింటి కానర్ ముసలమ్మకి ఇచ్చాను. మిగిలిన పాలు ఎప్పటిలాగే పట్నంలో మఠానికి పోసి వస్తున్నాను. ఈ పూట ఏటిగట్టు పొలానికి పెంట తోలి, చేతులు కడుక్కుని కూర్చున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఆగస్టు సంత నడిపే హక్కు అమ్ముడుపోయింది. కొన్నది పట్నం పెద్దమనుషుల సంఘం. వాళ్లు కొన్నది నడపడానికి కాదు, ఆపడానికి. ఈ ఆగస్టు నుంచి సంత మైదానంలో ఎవరూ డేరా గుంజ నాటకూడదు, గుర్రం కట్టకూడదు. గోడలకి కాగితాలు అంటించి వెళ్లారు.

మన పొలం మైదానంలోది కాదు. మధ్యలో కంచె ఒక్కటే. వాళ్లు కొన్న హక్కు కంచె దాటదని లాయరు గుమాస్తా చూసి చెప్పాడు. అంటే ఈ ఆగస్టున సంత మన పొలంలో పెట్టుకోవచ్చు. నాకు పెట్టాలని ఉంది. అమ్మ డేరా వేసినచోట వేరేవాళ్లు తాళం వేస్తే నేను ఊరుకుని పాలు పితుక్కుంటూ కూర్చోను.

అయితే కౌలు నాన్న మనిద్దరి పేర్లమీద రాయించాడు కదా. ఇద్దరి ఒప్పుదలా రాతలో ఉండాలని భూస్వామి ఏజెంటు అంటున్నాడు. 'నాకు సమ్మతమే' అని ఒక ముక్క రాసి, కింద పేరు పెట్టి పంపు. అంతకన్నా నీకు పని లేదు.

రాస్‌క్రే నుంచి గుర్రాలు తెచ్చే డెలహంట్ గుర్తున్నాడా? పోయినేడు తన దుడ్డుకర్ర మన డేరాలో మరిచిపోయాడు. తలుపు వెనకాలే ఉంది. సంత ఉందా లేదా అని మనిషిచేత అడిగించాడు. అతనికీ ఏదో ఒకటి చెప్పాలి. త్వరగా రాయి.

అక్క
హోనర్ కియో

———

రైలుదారి గుడిసెలు
స్క్రాంటన్ దగ్గర, పెన్సిల్వేనియా
ఏప్రిల్ 9

అక్కకి,

ఇక్కడ మంచు కరిగి అంతా బురద. బండి ఇరుసు దాకా దిగబడిపోతోంది. కొండని తవ్వి పట్టాలకి దారి చేస్తున్నాం. పొద్దున మందు పెట్టి పేల్చడం, మధ్యాహ్నం రాళ్లు ఎత్తడం. ఒళ్లు బాగానే ఉంది. ఎర్రావు సంగతి విని సంతోషం.

పొలం సంగతి ఆలోచించి రాస్తాను. ఈలోగా ఒక మాట. ఇకనుంచి ఉత్తరం పైన ఊరి పేరు రాయకు. డబ్లిన్ అని రాస్తే చాలు. ఇక్కడ మాకు వండిపెట్టేది కిల్కెనీ నుంచి వచ్చిన స్కలీ పెద్దమ్మ. దేశం నుంచి ఎవరికి ఉత్తరం వచ్చినా సరే, వంటపాకలో అందరిముందూ ఆవిడే పైనుంచి కిందిదాకా చదువుతుంది. వద్దంటే అన్నం పెట్టదు. నీ మార్చి ఉత్తరం వచ్చిన రోజు ఆవిడ జ్వరంతో పడుకోబట్టి నేనే తీసుకున్నాను.

ఎందుకో కూడా చెబుతాను. మొన్న గాడిదలు రెండు తాళ్లు తెంపుకుని వంటపాకలోకి దూరి ఒకదాన్నొకటి తన్నుకున్నాయి. గిన్నెలన్నీ కింద. మా ఇంజనీరు పరుగెత్తుకొచ్చి, 'ఎవడ్రా ఈ డానీబ్రూక్ మొదలెట్టింది?' అని అరిచాడు. ఆయన మన దేశం మొహం ఎరగడు. నేను తలెత్తి చూశాను.

'ఏం, నీదా ఆ ఊరు?' అన్నాడు.

'కాదండి, నాది బ్రే' అన్నాను.

ఇక్కడ తాగుబోతులు కొట్టుకుంటే డానీబ్రూక్. పెళ్లాం మొగుణ్ణి తిడితే డానీబ్రూక్. కోళ్లు అరిచినా అదే. ఊరిపేరని సగంమందికి తెలియదు. తెలిసినవాళ్లు, ఆ ఊరివాడు వచ్చాడంటే కొడతాడేమోనని చేతిలో పార లాగేసుకుంటారు. ఆ సంత పోతే కొన్నేళ్లకి ఆ మాటా పోతుందేమో. పోనీ అక్కా. మనకెందుకు?

తమ్ముడు
గారెట్

———

డానీబ్రూక్!
(కనబడాలని పెద్దగా రాశాను)
మే 13

తమ్ముడు గారెట్‌కి,

మూడువారాలుగా వాన లేదు. నాట్లన్నీ అయ్యాయి. బంగాళాదుంప మొక్క ఇంకా ఆకుపచ్చగానే ఉంది. రోజూ పొద్దున లేవగానే ఆకు తిరగేసి తెగులుందేమో చూసుకునే అలవాటు ఆ దుంపల కరువు తర్వాత ఎవరికీ పోలేదు.

బ్రేలో ఎప్పుడు పుట్టావురా నువ్వు? నువ్వు పుట్టినప్పుడు మంత్రసానిని పిలవడానికి నేనే పరుగెత్తాను. పది మైళ్లు, బ్రే దాకా పరుగెత్తినట్టు నాకు గుర్తులేదు.

పైన ఊరిపేరు తీసెయ్యను. మీ స్కలీ పెద్దమ్మ చదువుతుందంటే ఇంకా మంచిది. అమ్మా, కాస్త గట్టిగా చదవండి.

ఆ మాట ఎలా వచ్చిందో నీకూ తెలుసు, మరిచిపోయినట్టున్నావు. బ్రొక్ అనే పుణ్యస్త్రీ ఇక్కడ ఒక చిన్న గుడి కట్టుకుంది. బ్రొక్ అమ్మ గుడి అనే మాటే పాత భాషలో ఊరిపేరయిందని అమ్మమ్మ చెప్పేది. ఆవిడ ఎవరితోనూ పోట్లాడినట్టు నేను వినలేదు. తర్వాత ఎవరో రాజు సంత పెట్టుకోమని రాసిచ్చాడు. ఉన్ని, ఉప్పు, గుర్రాలు. వందల ఏళ్లు అదే. మనుషులు చేరినచోట డేరాలు, డేరాల్లో విస్కీ. విస్కీ తాగితే ఏమవుతుందో బ్రే వాళ్లకీ తెలుసు.

దాన్ని మాట చేసి ఊరూరా తిప్పింది మనం కాదు. పట్నం కుర్రాళ్లు చూడటానికి వచ్చేవారు. తాగి, తన్నులు తిని, వెళ్లి గొప్పగా చెప్పుకునేవారు. చెప్పుకునేటప్పుడు తన్నులు పెరిగేవి.

రక్తం కారలేదని అనను. చెప్పులు కుట్టే మార్టిన్ కన్ను పోయింది మన కళ్లముందే. కానీ దానికీ ఒక పద్ధతి ఉండేది. అది మీ ఇంజనీరుకి తెలియకపోవచ్చు, నీకు తెలుసు. డేరాలోకి వచ్చినవాడు దుడ్డుకర్ర అమ్మ చేతికివ్వాలి. కావాలంటే ఆవిణ్ణి అడిగి తీసుకోవాలి. 'ఎవరిమీదికిరా? ఎందుకు?' అనేది. కారణం చెప్పలేనివాడికి కర్ర లేదు. సగంమందికి కారణం చెప్పేలోగా కోపం పోయేది. మరీ ఆగలేనివాడు కోటు విప్పి నేలమీద ఈడ్చుకుంటూ నడిచేవాడు. దాన్ని ఎవడు తొక్కితే వాడితో తగువు. వాడొక్కడితోనే. చూసి తొక్కినా చూడక తొక్కినా తొక్కినట్టే. తక్కినవాళ్లు దూరంగా నిలబడాలి. పొద్దు వాలగానే గుంజకు కట్టిన కుండని అమ్మ దించేది. కుండ దిగాక చెయ్యెత్తినవాడికి మరుసటేడు మన డేరాలో చోటులేదు.

డానీబ్రూక్ అంటే అదీ. మోత ఎక్కువ, కుండ దిగేసరికి సరి.

పోయినవారం సంఘం పెద్దమనుషులు ఇద్దరు చిన్న ఫాదర్‌ని వెంటబెట్టుకుని వచ్చారు. నేను పాలు పితుకుతున్నాను. లేవలేదు.

'మిస్ కియో, మీ ఊరిపేరు లోకమంతా తగువులకి పెట్టుకుంటోంది. మీకు సిగ్గనిపించదా?' అన్నాడు పొడుగాయన.

'మేం పెట్టమనలేదండి. పెట్టుకున్నవాళ్లు సిగ్గుపడాలి.'

'మీ పొలం సంతకివ్వనని ఒకమాట రాసిస్తే సరిపోతుంది.'

'మా తమ్ముడు అమెరికాలో ఉన్నాడు. వాడి మాట లేకుండా ఇస్తాననీ రాయలేను, ఇవ్వననీ రాయలేను. మీరు కాస్త పక్కకి జరగండి, ఆవు తన్నుతుంది.'

ఆవు నిజంగానే తన్నింది. ఆయన పంట్లామంతా పాలు. చిన్న ఫాదర్ నవ్వు ఆపుకోలేక అటు తిరిగి మేరీమాతని తలుచుకున్నాడు. పోతూపోతూ పొడుగాయన, 'మఠంవారు ఎలాంటి ఇంటినుంచి పాలు తీసుకుంటున్నారో వారికి తెలియాలి' అని వెళ్లాడు.

కాబట్టి త్వరగా రాయి. పోనీ అని ఇంకోసారి రాయకు.

అక్క
హోనర్

———

రైలుదారి గుడిసెలు, స్క్రాంటన్ దగ్గర
జూన్ 14

అక్కకి,

నీ ఉత్తరం అందింది. ఎండలు మండుతున్నాయి. తాగడానికి నీళ్లు రెండు మైళ్ల నుంచి తెస్తున్నారు.

ఒప్పుదల పంపను. మా ముఠాకి మేస్త్రీ పని ఖాళీ అవుతోంది. జులై ఆఖరుకి ఇంజనీరు ఒకణ్ణి ఏరుకుంటాడు. ఆ వరసలో నేనున్నాను. నాలుగేళ్లుగా పార పట్టినవాణ్ణి, చేతిలో పార లేకుండా నిలబడి చూడాలని నాకూ ఉండదా? ఇలాంటప్పుడు నా పేరు పెట్టి సంత నడుపుతావా?

ఇక్కడ పరిస్థితీ బాగోలేదు. మన దేశం వాళ్లే రెండు పక్షాలయ్యారు, కార్క్ వాళ్లు ఒకవైపు గుడిసెల్లో, కొనాట్ వాళ్లు ఒకవైపు. తగువు నీళ్ల పీపా దగ్గర మొదలైంది. పోయినవారం ఒకడి మోచెయ్యి గునపం కర్రతో విరగ్గొట్టారు. నేను ఏ వైపూ కాదు కాబట్టి ఇద్దరూ నాతో మాట్లాడరు.

అమ్మ కర్రలు పట్టుకుని డేరా గుమ్మంలో కూర్చోవడం నాకూ గుర్తుంది. గుర్తులేదని నేను అనలేదు.

గారెట్

———

డానీబ్రూక్
జులై 18

తమ్ముడు గారెట్‌కి,

గడ్డికోత సగమయింది. పొద్దున ఎండ, మధ్యాహ్నం జల్లు. కోసింది తిరగేయడం, తడిసింది ఆరబెట్టడం. కానర్ ముసలమ్మ కూడా పంగలకర్ర పట్టింది.

నీ ఉత్తరం అందింది. మంచిది. నువ్వు మేస్త్రీ కావాలనే నేనూ కోరుకుంటాను. మళ్లీ అడగను.

మఠంవారు పాలు వద్దన్నారు. వంటచేసే అమ్మ గేటు దాకా వచ్చి చెప్పింది. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆవిడ తప్పేముంది? ఆ పాలనుంచి ఇప్పుడు వెన్న తీస్తున్నాను.

డేరాకని కర్రబద్దలు నరికి ఏట్లో నానవేశాను, వంచడానికి. దుప్పట్లు, గోనెలు కలిపి కుట్టాను. బల్లలకి మన ఇంటి తలుపులూ, కానర్ ముసలమ్మ ఇంటి తలుపులూ సరిపోతాయి. నీ రాత రాకపోతే బద్దలు పొయ్యిలోకి, దుప్పట్లు మంచంమీదికి. దేనికదే. ఆగస్టు ఇరవై నాలుగు దాకా చూస్తాను. ఆపైన చూడను.

డెలహంట్‌కి సంత ఉండకపోవచ్చని కబురు చేశాను. సంత లేకపోయినా పొలం చూసి పోతానన్నాడట. చూడటానికి పొలంలో ఏముంది?

అక్క
హోనర్

———

డానీబ్రూక్ గారెట్
రైలుదారి గుడిసెలు, స్క్రాంటన్ దగ్గర
జులై 30

అక్కకి,

నా పేరు ముందు ఏం రాశానో చూశావు కదా. ఇక్కడ నన్ను పిలిచేది అలాగే. మొదలుపెట్టింది నువ్వే.

నీ మే నెల ఉత్తరం స్కలీ పెద్దమ్మ చేతిలో పడింది. నేను పని నుంచి వచ్చేసరికి ఆవిడ బల్లెక్కి చదువుతోంది. కర్రలు, కారణం, కోటు, కుండ, పంట్లాంమీద పాలు, బ్రే, మంత్రసాని. ఒక్క ముక్క వదల్లేదు. నువ్వు గట్టిగా చదవమన్నచోట ఇంకా గట్టిగా చదివింది. 'ఏరా బ్రే అబ్బాయ్!' అని వారంపాటు ఏడిపించారు. అందుకే జూన్‌లో అంత ముక్తసరిగా రాశాను.

మొన్న గురువారం జీతాల పూట రెండు ముఠాలూ నీళ్లపీపా దగ్గర ఎదురుపడ్డాయి. చేతుల్లో దుడ్డుకర్రలు కాదు, గునపాలు, గొడ్డలి పిడులు. అరుపులు లేవు. దానికే నాకు భయం వేసింది. మన సంతలో అంత నిశ్శబ్దంగా ఎవరూ కొట్టుకోవడం నేను చూడలేదు.

ఏం ఆలోచించానో చెప్పలేను. కోటు విప్పాను. ఒక చెయ్యి పట్టుకుని బురదలో ఈడ్చుకుంటూ రెండు ముఠాల మధ్యనుంచి నడిచాను. 'తొక్కేవాడెవడ్రా? కార్కా, కొనాటా? మగాడెవడైనా ఉన్నాడా, అందరూ బ్రే వాళ్లేనా?' అన్నాను.

ఎవడో నవ్వాడు. కొనాట్ వాళ్లకి పెద్ద గవగన్ అని మేయో మనిషి, తలుపంత ఉంటాడు. నాకు దారివ్వడానికి ఒకడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగు సరిగ్గా కోటు మీద పడింది.

'తొక్కాడు!' అని రెండు వైపులా ఒకేసారి అరిచారు.

'నేను చూడలేదురా!' అంటాడు గవగన్.

'చూసినా చూడకపోయినా తొక్కినట్టే. ఉత్తరంలో ఉంది!' అని కార్క్ వాడొకడు.

'ఈ డానీబ్రూక్ వాడితో నాకేం తగువు? నా తగువు నీతో!'

'ముందు కోటుకి సమాధానం చెప్పు, తర్వాత నా దగ్గరికి రా.'

స్కలీ పెద్దమ్మ ఎప్పుడొచ్చిందో, చేతిలో పెద్ద కుండ. పాక గుంజకి తగిలించింది. 'గునపాలన్నీ నా గుమ్మంలో పెట్టండి. కావలసినవాడు వచ్చి అడగండి. ఎవరిమీదికో, ఎందుకో చెప్పండి' అంది. ఆవిడచేతి అన్నం తినేవాళ్లు మాట కాదనలేరు. పెట్టారు.

నేనూ గవగనూ కొట్టుకున్నాం. నా పెదవి చిట్లింది, ఒక పన్ను కదులుతోంది. వాడి చెవి నేను బాగానే పట్టుకున్నాను. అరుపులు రెండు మైళ్లు వినబడ్డాయట. పొద్దు వాలగానే ఆవిడ కుండ దించింది. గునపాలు అడగడానికి ఇద్దరొచ్చారు. కారణం చెప్పలేక వెళ్లిపోయారు.

ఇంజనీరు మేస్త్రీ పని వేల్స్ వాడికిచ్చాడు. తగువు మొదలెట్టినవాణ్ణి పెద్దని చెయ్యనన్నాడు. సరే అన్నాను. రాత్రికి అందరికీ రెండు చేతులూ ఉన్నాయి, అది చాలనిపించింది.

ఈ కింద రాసింది ఏజెంటుకి చూపించు:

డానీబ్రూక్ ఏటిగట్టు పొలంలో ఈ ఆగస్టున సంత పెట్టడానికి నాకు సమ్మతమే. — గారెట్ కియో, డానీబ్రూక్.

కుండ గట్టి తాడుతో కట్టు.

తమ్ముడు
గారెట్

———

రాస్‌క్రే, టిపరేరీ
సెప్టెంబర్ 16

తమ్ముడు గారెట్‌కి,

పైన ఊరిపేరు చూసి మీ పెద్దమ్మ చదవడం ఆపేసి ఉంటుంది. ఆపవద్దని చెప్పు.

ఇక్కడ ఓట్స్ కోతలు అయిపోవచ్చాయి. వాతావరణం పొడిగా ఉంది. ఆవులు కొత్త గడ్డికి రెండురోజులు మొండికేసి, మూడోనాడు మేశాయి.

నీ రాత ఇరవై రెండున అందింది. ఏజెంటు రెండుసార్లు చదివి టోపీ పెట్టుకున్నాడు. సోమవారం పొద్దున గుంజ నాటాను. కుండ గొలుసుతో కట్టాను. మునుపటంత సంత కాదు. డేరాలు కొన్నే. ఫిడేలు వాయించేవాడు ఒకడు, అల్లపురొట్టెలమ్మే ఆవిడ, గుర్రాలు ఒక కంచెకి సరిపోయినన్ని. పెద్దమనుషులు రోడ్డుమీద బండిలో కూర్చుని చూశారు. పొడుగాయన దిగలేదు. ఆవు ఉందేమోనని కాబోలు.

కర్రలు నా చేతికే ఇచ్చారు. నీ కోటు సంగతి డేరాలో చదివి వినిపించాను. మార్టిన్ ఉన్న ఒక్క కంటితో ఏడ్చేలా నవ్వాడు. మేయో మనిషి అడుగు వెనక్కి వేసినచోట మళ్లీ చదవమన్నారు. గురువారం ఒక కోటు నేలమీద నడిచింది. ఎవరూ తొక్కలేదు. ఈడ్చినవాడే చివరికి తట్టుకుని తన కోటు తనే తొక్కాడు. అతనితో అతనే కొట్టుకోవాలని తీర్పు చెప్పాను.

శుక్రవారం పొద్దు వాలుతుండగా డెలహంట్ గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

'నా కర్ర ఇస్తారా?' అన్నాడు.

'ఎవరిమీదికి?'

'ఎవరిమీదికీ కాదు.'

'మరెందుకు? కారణం చెప్పలేనివాళ్లకి ఇక్కడ కర్ర ఇవ్వరు.'

టోపీ తీసి లోపలికి చూసుకున్నాడు. అందులో ఏమీ రాసిలేదు. 'ఏడాది నుంచి కర్ర లేకుండానే గుర్రాలు తోలుతున్నాను. అది రాకపోయినా ఫరవాలేదు. నువ్వు రావాలి' అన్నాడు.

పొద్దు పోతోంది. ముందు కుండ దించాను. దించాక, 'నా ఆవులు కూడా వస్తాయి' అన్నాను.

'రానీ.'

పెళ్లి ఈ నెలాఖర్లో, మిఖాయేలు పండుగకి ముందు, ఇక్కడి గుడిలో. అందాకా వాళ్లక్క ఇంట్లో ఉంటున్నాను.

కౌలులో నా పేరు కొట్టేయించాను. డేరా గుంజ, కుండ, గొలుసు కానర్ ముసలమ్మ దగ్గర ఉన్నాయి. పొలంలో మేత ఆవిడకి వదిలాను. వచ్చే ఆగస్టు సంత పెట్టాలా వద్దా అని ఆవిడ నిన్ను అడుగుతుంది. ఏటిగట్టు పొలం ఇప్పుడు ఒక్కరి పేరుమీదే ఉంది: గారెట్ కియో, డానీబ్రూక్.

డెలహంట్ గుర్రాలతో సంత అయిన మర్నాడే, శనివారం వెళ్లాడు. నేను, ఆవులు సోమవారం పొద్దున పాలు పితికాక బయల్దేరాం.

అక్క
హోనర్